ఆముదం ధర పడిన ఏడాది ఎవరూ తిరగబడలేదు

2020 ఏప్రిల్ చివరి వారంలో చిట్యాల దగ్గర హైవే పక్కన మేం నలుగురం మజ్జిగ ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పట్టుకుని నిలబడ్డాం. లాక్‌డౌన్ మొదలై నెల దాటింది. హైదరాబాద్ నుంచి ఒడిశా దిక్కు నడిచి పోయే జనం. నెత్తి మీద మూట, చంకలో పిల్ల, తెగిపోతే తాడుతో కట్టుకున్న చెప్పులు. పొట్లం ఇస్తే రెండు చేతులూ జోడించి దండం పెట్టి తీసుకునేవాళ్లు. ఆ దండానికి మాకే సిగ్గేసేది. నా దోస్తు ఒకడు, కాలేజీ రోజుల్లో జెండా పట్టి తిరిగినవాడు, కారు డిక్కీ మీద కూర్చుని అన్నాడు: "రాసి పెట్టుకో. ఆర్నెల్లు తిరగకముందే ఈ దేశం మండుతది. కడుపు కాలినోడు ఊకుంటడా?"

రాసి పెట్టుకున్నాను. ఆగస్టు ఆఖరున లెక్కలు బయటికొచ్చాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లో జీడీపీ 23.9 శాతం కుంగిందన్నారు. అయినా ఏదీ మండలేదు. నడిచి పోయినవాళ్లు ఊళ్లకు చేరారు, కొన్నాళ్లు ఉన్నారు, మేస్త్రీ ఫోన్ చేస్తే మళ్లీ అడ్వాన్స్ తీసుకుని పనిలోకి వచ్చారు. మా వాడికి జనం మీద కోపం వచ్చింది, వాళ్లేదో తనకు మాటిచ్చి తప్పినట్టు.

అదే సంవత్సరం చివర్లో ఢిల్లీ చుట్టూ రోడ్ల మీద కూర్చున్నది ఎవరో గుర్తు తెచ్చుకోండి. ఎక్కువమంది పంజాబ్, హర్యానా రైతులు. ట్రాక్టర్లు ఉన్నవాళ్లు, గోధుమకూ వడ్లకూ మద్దతు ధర అందుకునేవాళ్లు. ఏడాది పాటు కదలకుండా కూర్చున్నారు. 2021 నవంబర్ 19న, వాళ్లు వద్దన్న మూడు వ్యవసాయ చట్టాలు వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని ప్రకటించాల్సి వచ్చింది. చిట్యాల దగ్గర మాకు దండం పెట్టినవాడు అలా కూర్చోలేడు. కూర్చోవాలంటే ఇంట్లో ఆర్నెల్ల గింజలు ఉండాలి.

ఈ మాట చాలామందికి నచ్చదు. కష్టం ముదిరితే జనం వాళ్లంతట వాళ్లే తిరగబడతారని చిన్నప్పటి నుంచి మనకొక నమ్మకం. అందులోనూ నల్లగొండ వాళ్లం, నిజాం మీద, దొరల మీద జరిగిన సాయుధ పోరాటం కథలు వింటూ పెరిగినవాళ్లం. కానీ మా జిల్లా చరిత్రనే తేదీలు పెట్టి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. ప్రపంచమంతా కుప్పకూలిన 1930-33 మధ్య ఇక్కడ రైతు నిండా మునిగాడు, కిక్కురుమనలేదు. ధరలు లేచి, చేతిలో నాలుగు రూపాయలు ఆడిన యుద్ధకాలం వచ్చాక, 1944-46లో లేచాడు. ఈ పదిహేనేళ్ల తేడా ఏమిటో నాకు ఎన్ని చదివినా అర్థం కాలేదు. మా నాయినమ్మ సందుగలో ఒక కాగితం దొరికాక కొంత అర్థమైంది.

మా ఊరు మాల్ అనే ఊరికీ చింతపల్లికీ మధ్య, సాగర్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. పాత దేవరకొండ తాలూకా. నాయినమ్మ పోయిన పదకొండో రోజు తర్వాత ఆమె ఇనుప సందుగ తెరిచాం. అడుగున, పట్టుచీర కింద, నాలుగు మడతల స్టాంపు కాగితం. మడతలు చిరిగితే వెనక నుంచి పాత క్యాలెండర్ ముక్కలు మైదాతో అంటించి ఉన్నాయి. అంతా ఉర్దూ. మా ఇంట్లో ఒక్కరికీ రాదు. నల్లగొండలో ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దసారు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన భూతద్దం పెట్టి, పెదవులు కదుపుతూ, లైను లైనుకూ వేలు జరుపుతూ చదివారు.

"ఖుర్దాద్, సన్ 1342 ఫస్లీ," అని ఆగారు. నిజాం సర్కారు లెక్కలో నెల, ఏడు అవి. "590 కలుపు బేటా. 1932. కానీ ఖుర్దాద్ కాబట్టి 33లో పడతది. ఏప్రిల్ అనుకో."

అది రహన్‌నామా. కుదువ కాగితం. మా ముత్తాత ఐదెకరాల పన్నెండు గుంటల చల్కను, అంటే వాన మీద పండే మెట్ట నేలను, సర్వే నంబరుతో, నాలుగు హద్దులతో, 140 రూపాయల హాలీ సిక్కాకు, అంటే నిజాం రూపాయలకు, కుదువ పెట్టాడు. దాంతోపాటు 'వెండి కడియాలు, జత ఒకటి'. రెండేళ్ల గడువు. తీర్చకపోతే భూమి అప్పిచ్చినవాడికి చెందుతుంది. కింద బొటనవేలి ముద్ర. వేలిముద్ర అంటే గీతలుంటాయి కదా, ఇందులో గీతలేమీ లేవు, నల్లటి మరక అంతే. సారు దాన్ని కాసేపు చూసి, "నాగలి పట్టిన వేలు," అన్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఛాయ్ మాత్రం తాగించి పంపారు.

140 రూపాయలకు ఐదెకరాలు ఎలా పోతాయని నాకు అనుమానం. ఆముదాల లెక్క తెలిశాక ఆ అనుమానం తీరింది.

అప్పట్లో నిజాం రాజ్యం ఆముదం పంటలో దేశంలోనే ముందుండేది. అందులోనూ మా నల్లగొండ, పాలమూరు చల్కలు. వడ్లు, జొన్నలు ఇంట్లోకి. ఆముదాలు శిస్తుకు, అప్పుకు, బట్టకు. అంటే రైతు చేతికి నగదు వచ్చే దారి అదొక్కటే. ఆ గింజ బొంబాయి మీదుగా ఓడెక్కి పరదేశాల మిషన్లకు కందెన అయ్యేది. ఇటలీలో ముసోలినీ మనుషులు తమకు ఎదురు తిరిగినవాళ్ల చేత ఆముదం బలవంతంగా తాగించేవాళ్లట. మా దగ్గర ఆ పని చేయడానికి ఆముదం తాగించక్కర్లేదు, ధర పడితే చాలు.

1929 అక్టోబర్‌లో న్యూయార్క్ షేర్ బజారు కూలింది. షేర్ అంటే ఏమిటో తెలియని మా ముత్తాతకు దాంతో ఏం పని? పనుంది. అక్కడ మిషన్లు ఆగితే ఇక్కడ గింజ కొనేవాడు ఉండడు. 1928కీ 1934కీ మధ్య హిందుస్థాన్ ఎగుమతులు, దిగుమతులు దాదాపు సగానికి పడిపోయాయి. గోధుమ ధర సగమైంది. బెంగాల్ జనపనార ధర 60 శాతం పైనే కూలింది. బ్రిటిష్ సర్కారు శిస్తు మాత్రం తగ్గించనంది. పైగా 1927లోనే రూపాయిని 1 షిల్లింగు 6 పెన్నీలకు కట్టేశారు. అది ఎక్కువ, దించండి అని ఇక్కడి వ్యాపారులు మొత్తుకున్నా లండన్ వినలేదు. రూపాయి విలువ ఎక్కువైతే బయట మన సరుకు అమ్మినవాడికి చేతికొచ్చే రూపాయలు తక్కువ. నిజాంకు సొంత నాణెం ఉంది, హాలీ సిక్కా, దాని మీద ఆయనకు గొప్ప గర్వం కూడా. కానీ 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా ఇస్తే 100 కల్దార్ రూపాయలు, అంటే బ్రిటిష్ రూపాయలు, అన్నది లెక్క. ఆ తాడుతో కల్దారును, కల్దారు ద్వారా లండన్‌ను పట్టుకుని వేలాడినట్టే. అక్కడ తీసుకున్న నిర్ణయం దేవరకొండ అంగడికి రావడానికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు.

ఇప్పుడు చిన్న లెక్క వేసుకోండి. ఉజ్జాయింపుకే, అసలు ధరలు ఇవని కాదు. 100 రూపాయలు బాకీ ఉంది, ఆముదాల బస్తా 10 రూపాయలు. పది బస్తాలు కొలిస్తే బాకీ తీరుతుంది. బస్తా 5 రూపాయలకు పడితే ఇరవై బస్తాలు కావాలి. కాగితం మీద అంకె మారలేదు, కొత్తగా ఒక్క పైసా తేలేదు, అయినా అప్పు రెట్టింపైంది. ఇందులో వానలు తప్పు చేయలేదు, రైతు సోమరితనం లేదు. శిస్తు కూడా నగదులో కట్టేదే కాబట్టి అదీ రెట్టింపైనట్టే. రెండు గడువులూ ఒకేసారి మెడ మీదికి వస్తే రైతు ఎక్కడికి పోతాడు? అదే సావుకారి దగ్గరికి పోతాడు.

నా వాదనంతా ఈ ఒక్క మాట మీద ఉంది. ధర పడినప్పుడు రైతుకు అప్పిచ్చేవాడి అవసరం తగ్గదు, పెరుగుతుంది.

ఇంకోచోట ఏం జరిగిందో చూడండి. సరిగ్గా ఆ ఖుర్దాద్‌లోనే, 1933 ఏప్రిల్ 27న, అమెరికాలో అయోవా రాష్ట్రం లె మార్స్ అనే ఊళ్లో రైతులు కోర్టులోకి చొరబడ్డారు. బ్రాడ్లీ అనే జడ్జిని, ఇకమీదట మా పొలాల జప్తు ఆర్డర్ల మీద సంతకం పెట్టనని ప్రమాణం చేయమన్నారు. ఆయన చేయనన్నాడు. బయటికి లాక్కుపోయి మెడకు తాడేశారు. చంపలేదు, బెదిరించి వదిలేశారు. గవర్నర్ సైన్యాన్ని దింపాడు. రెండు వారాలకు, మే 12న, రైతుల కోసం రూజ్‌వెల్ట్ కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. అక్కడే వేలం పాటల్లో ఇంకో తమాషా కూడా నడిచేది. జప్తు చేసిన ఆవును, నాగలిని పక్కింటి రైతులే పైసల్లో పాడి, తిరిగి అసలు యజమానికే ఇచ్చేవాళ్లు. ఎక్కువ పాడదామని వచ్చిన బయటివాడికి గుంపులోంచి ఎవరో ఒకరు ఉరి తాడు చూపించేవాళ్లు.

ఒకే నెల. అక్కడ జడ్జి మెడకు తాడు, ఇక్కడ కాగితం మీద వేలిముద్ర. అయోవా రైతు మా ముత్తాత కంటే ధైర్యస్థుడా? నేను ఒప్పుకోను. అతనికి అప్పిచ్చింది ఎక్కడో పట్నంలో ఉండే బ్యాంకు, ఇన్సూరెన్స్ కంపెనీ. దాన్ని తిడితే రేపు విత్తనం పుట్టదన్న భయం లేదు. అతనికి ఓటుంది. అంతకు ఆరు నెలల ముందు, 1932 నవంబర్‌లో, ఆ ఓటుతోనే అధ్యక్షుణ్ణి మార్చారు. మా ముత్తాతకు అప్పిచ్చినవాడు ఊరి నడుమ పెద్ద గచ్చు ఇంట్లో ఉంటాడు. శిస్తు ఎంతో రాసే పట్వారీ ఆయన అరుగు మీదే కూర్చుంటాడు. ఆషాఢంలో విత్తనాలు లేకపోతే నాగుకు గింజలు కొలిచేదీ ఆయనే, కోతలప్పుడు ఒకటికి ఒకటిన్నర, రెండు కొలుచుకునేదీ ఆయనే. బిడ్డ పెళ్లికి, ఎద్దు చచ్చిపోతే, పాము కరిస్తే, ఏ రాత్రి తలుపు తట్టాలన్నా ఆ తలుపే. ఆ తలుపు మీద రాయి ఎవడు వేస్తాడు? ఓటు అన్న మాట మా ఊరికి 1952 దాకా రాలేదు.

జర్మనీ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కష్టకాలంలో ఓటు ఉంటే అంతా మంచే జరుగుతుందని నేను అన్నట్టవుతుంది. 1928లో నాజీలకు పార్లమెంటులో 12 సీట్లు. 1930 సెప్టెంబర్‌కు 107. 1932 జూలైకి 230. అప్పటికి నిరుద్యోగులు 60 లక్షలకు దగ్గర పడ్డారు. కోపం ఎటు తిరుగుతుందన్నది కోపం పుట్టిన కారణాన్ని బట్టి ఉండదు, దాన్ని ముందుగా వచ్చి మోసుకుపోయేవాణ్ణి బట్టి ఉంటుంది.

కడియాల మాటకు వస్తాను. ఆ కాగితంలో నన్ను ఎక్కువ రోజులు పట్టి ఉంచింది భూమి లైను కంటే కడియాల లైనే. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ తన పౌండును బంగారానికి కట్టిన కట్టు విప్పేసింది. దాంతో రూపాయల్లో బంగారం ధర ఎక్కింది. దేశమంతా జనం నగలు అమ్ముకున్నారు, ఓడల కొద్దీ బంగారం లండన్‌కు పోయింది. ఆ బంగారం ప్రపంచాన్ని కోలుకునేలా చేస్తుందని ఇంగ్లండు ఆర్థికవేత్త కీన్స్ లాంటివాడు సంతోషించాడు కూడా. మన ఆడవాళ్ల మెడలు బోసిపోతే ఆయనకు అందులో కోలుకోవడం కనిపించింది. సరే, బంగారం ఉన్నవాళ్లకు కనీసం ధరైనా వచ్చింది. మా ఇళ్లలో బంగారం ఏది? పుస్తెలు తప్ప మిగిలిందంతా వెండి. కాళ్ల కడియాలు, మొలతాడు. ఆ ఏళ్లలోనే వెండి ధర ప్రపంచమంతటా అడుక్కి పోయింది. అందుకే మా ముత్తవ్వ కడియాలు విడిగా అమ్మితే ఏమీ రాక, భూమికి తోడుగా కాగితంలోకి ఎక్కాయి. మాంద్యం అందరికీ ఒకటే అంటారు, చదువుకున్నవాళ్లు. బంగారం ఇంటికొక మాంద్యం, వెండి ఇంటికొకటి.

ఆ కాగితం రాసిన నాలుగేళ్లకు, 1937 ఫిబ్రవరిలో, అమెరికా పత్రిక 'టైమ్' మా నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫోటో అట్ట మీద వేసి, ప్రపంచంలోనే అందరికంటే ధనవంతుడు అని రాసింది. దీని మీద నేను ఏమీ వ్యాఖ్యానించను.

ఆ రోజుల్లో రాజకీయం లేదా అంటే ఉంది. మా తాలూకా కేంద్రం దేవరకొండలోనే 1931లో రెండో ఆంధ్ర మహాసభ జరిగింది. బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షులు. అంతకు ముందు ఏడాది జోగిపేటలో మొదటి సభకు మా పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. వాళ్లను చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. తెలుగులో మాట్లాడితేనే వెక్కిరించే చోట తెలుగు బడి కావాలన్నారు, గ్రంథాలయాలు పెట్టారు, వెట్టి పోవాలని సర్కారుకు విన్నవించారు. కానీ ఆ సభ జరిగిన పందిరికి నడిచి వచ్చేంత దూరంలోనే ఆముదాల బస్తాలు అడిగిన ధరకు ఇచ్చేసి ఇంటికి పోతున్న రైతు, ఆ పందిరిని తనదనుకోలేదు. వకీళ్ల సభ అనుకున్నాడు. పందిరి వాళ్లూ అతణ్ణి లోపలికి రమ్మని గట్టిగా పిలవలేదు. ఆ రెండూ ఒకచోటికి రావడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యేనాటికి మితవాదులు బయటికి పోయారు, సభ సంఘం అయింది. మా దగ్గర ఇప్పటికీ ముసలివాళ్లు పార్టీ అనరు, 'సంఘం' అంటారు.

ఆ పదమూడేళ్లలో మారిందేమిటి? యుద్ధం వచ్చింది. ధరలు లేచాయి. పండించిన గింజకు విలువ వచ్చింది. కానీ ఆ గింజ పండే నేల మాంద్యం ఏళ్లలోనే చేతులు మారిపోయింది. తన చల్కలోనే తాను కౌలుకు దున్నుతూ, ఈసారి బస్తాకు వచ్చే రూపాయలు వేరేవాళ్ల ఇంట్లోకి పోవడం కళ్లతో చూస్తాడు. ధర లేనప్పుడు పోయిన భూమి మీద అంత మమకారం కనపడదు, పోతే శిస్తు బాధ కూడా పోయిందనుకుంటాడు. ధర వచ్చాక కడుపు మండుతుంది. దానిమీద లెవీ. సర్కారు గింజలు వసూలు చేయడానికి వస్తే పెద్దవాళ్ల గాదెలు దాటి పేదవాడి గరిసె దగ్గర ఆగేది. ఇంకోపక్క పట్నంలో, మిల్లుల్లో కూలి దొరుకుతోంది. అంటే సావుకారి తలుపు తట్టకపోయినా నాలుగు రోజులు బతకొచ్చు అన్న ధీమా మొదటిసారి వచ్చింది. కోపం 1933 నుంచీ ఉంది, దానికి ఊపిరి 1940ల్లో అందింది. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తూటాకు కూలిపోయాక ఇక అది ఆగలేదు. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించేనాటికి మూడు వేల ఊళ్లలో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ చెప్పుకుంది.

మా వాడితో ఈ మాట అంటే కొట్లాటకొచ్చాడు. "అట్లయితే సంఘపోల్లు ఊరూరు తిరిగి చేసిన పనికి విలువ లేదా? ధరలే పోరాటం చేసినయా?" ఆ అనుమానం న్యాయమైనదే. ధరలు లేస్తే చాలదు, లేకపోతే పాలమూరు కూడా అంతే లేవాలి. మా అమ్మగారిది కల్వకుర్తి దిక్కు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల జిల్లా అది. నేలా అదే చల్క, కరువూ అదే. అక్కడ కష్టం వస్తే మూట కట్టి గుంపు మేస్త్రీ వెంట నడిచారు. అమ్మ వాళ్ల నాన్న నాగార్జునసాగర్ డ్యాముకు రాళ్లు మోశాడు. మా ఊళ్లో సంఘం రాత్రిబడి పెట్టింది, అక్కడ మేస్త్రీ ముందు వచ్చాడు. అందుకే జర్మనీ గురించి అన్న మాటే ఇక్కడా అంటాను, ముందుగా ఎవరు వచ్చారన్నదే పెద్ద తేడా. నేను కాదంటున్నది ఒక్కటే: ఆకలి దానంతట అది జెండా పట్టుకుంటుందన్న ధీమాను. ఆ ధీమా ఉన్నవాళ్లు కష్టకాలంలో చేయాల్సిన పని చేయరు, కూర్చుని మంట కోసం ఎదురు చూస్తారు. మా వాడు కారు డిక్కీ మీద కూర్చున్నట్టు.

కాగితం మా ఇంటికి ఎలా వచ్చిందో ఇంకా చెప్పలేదు. కుదువ కాగితం అప్పిచ్చినవాడి దగ్గర ఉండాలి కదా. దీనికి జవాబు నాయినమ్మ బతికుండగానే చెప్పింది, నేనే అప్పుడు సరిగ్గా వినలేదు. ఆమె కొత్తకోడలుగా వచ్చిన ఏడాది సంఘపోళ్లు సావుకారి ఇంట్లోని కాగితాలన్నీ చావడి ముందు కుప్ప పోశారట. చదువొచ్చిన పిలగాడొకడు పేర్లు పిలుస్తుంటే ఎవరి కాగితం వాళ్లు తీసుకుని మంటలో వేశారు. కొందరు వేసి ఏడ్చారు, కొందరు ఎగిరారు. మా ముత్తాత తన కాగితం మంటలో వేయలేదు. మడిచి దోతిలో దోపుకుని ఇంటికొచ్చాడు.

"ఎందుకు కాల్చలేదే?" అని అడిగాను.

"అండ్ల మన నంబరున్నది గదరా. కాలిస్తే బాకీ పోతది, నంబరు గూడ పోతది. రేపు ఎవడన్న ఇది నీదని ఏం గురుతు అంటే ఏం జూపాలె?"

ఆ చల్కను ఒక్క పంట కాలం దున్నుకున్నాడు. 1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యాలు వచ్చాయి, నిజాం లొంగిపోయాడు, వాళ్ల వెనకే, ఊరొదిలి పోయిన సావుకార్లంతా గచ్చు ఇళ్లకు తిరిగి వచ్చారు. భూమి మళ్లీ వాళ్లదైంది. కాగితం మా దగ్గర, నేల వాళ్ల దగ్గర. 1952లో ఓటు వచ్చింది. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి దేశంలో అందరికంటే, నెహ్రూ కంటే కూడా, ఎక్కువ ఓట్లు పడ్డాయి. అందులో మా ముత్తాతది ఒకటి. దాన్ని పందొమ్మిదేళ్లు ఆలస్యంగా వేసిన ఓటని అనుకుంటాను.

ఇదంతా పాత కథ, ఇప్పుడెందుకు అంటారా. మా నాన్న సంగతి చెబుతాను. మిగిలిన నాలుగెకరాల మీద ఆయన బతికాడు. 2002 నుంచి వరుసగా వానలు లేవు. 300 ఫీట్ల మీద రెండు బోర్లు వేశాడు, రెండూ దుమ్ము కక్కాయి. 2003లో రెండెకరాలు అమ్మాడు, ఎకరం 45 వేలు. రిజిస్ట్రేషన్ రోజు ఆయన ముఖంలో బాధేమీ లేదు, పీడ వదిలింది అన్నాడు, అప్పులు కట్టి వస్తూ వస్తూ మాల్‌లో మా అందరికీ మిర్చీలు తెచ్చాడు. కొన్న ఆయన మా ఊరికి తెలిసినవాడే, తిట్టుకునేంత చెడ్డవాడేం కాదు. ఆ తర్వాత నాలుగేళ్లలో రియల్ ఎస్టేట్ వచ్చింది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పేరు చెప్పి ఇటు సాగర్ రోడ్డు పొడవునా నేలకు గజాల్లో ధర కట్టారు. ఒకరోజు పొద్దున మా పాత చేనులో తెల్లరాళ్లు పాతి, మధ్యలో ఎర్రమట్టి రోడ్డు పోసి, రంగు జెండాలు కట్టారు. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. గట్టు మీద నిలబడి వచ్చినవాణ్ణల్లా తిట్టాడు, కొన్నవాణ్ణి, ఎమ్మెల్యేను, ముఖ్యమంత్రిని, ఎయిర్‌పోర్టును, వానదేవుణ్ణి. అమ్మినప్పుడు లేని కోపం, నాలుగేళ్ల తర్వాత, దేశం బాగుపడుతోందని పేపర్లు రాస్తున్న రోజుల్లో వచ్చింది. 2009 డిసెంబర్‌లో తెలంగాణ కోసం ఊరు రోడ్డెక్కినప్పుడు ముందు వరసలో ఆయనే ఉన్నాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, అంతకు ముందు ఒక్క మీటింగుకూ పోనివాడు, వంటావార్పు రోజు రోడ్డు మీద కట్టెలు మోశాడు. నీళ్లు, నిధులు, నియామకాలు అని అందరూ అంటుంటే ఆయన నోటి వెంట నాకు వినిపించింది తెల్లరాళ్లే.

అందుకే ఎక్కడైనా ఆర్థిక మాంద్యం అనగానే, ఇక జనం తిరగబడతారా అని ఎవరన్నా అడిగితే నేను వేరే ప్రశ్న వేస్తున్నాను. ఈ రెండేళ్లలో ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి ఏం చేతులు మారుతోంది? గోల్డ్ లోన్ కంపెనీల వేలం ప్రకటనలు పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తాయి, పేజీలకు పేజీలు, ఖాతా నంబర్లు మాత్రమే ఉంటాయి. ఊళ్లో ఎవరి భూమి పాస్‌బుక్ ఎవరి దగ్గర ఉందో కిరాణా కొట్టు ముందు అరగంట కూర్చుంటే తెలిసిపోతుంది. గొడవ జరిగేటప్పుడు టీవీల వాళ్లు వస్తారు. ఈ చేతులు మారడం మాత్రం గొడవ లేకుండా, వేలిముద్రలతో, ఓటీపీలతో జరిగిపోతుంది.

ఆ ఉర్దూ కాగితాన్ని తిరిగి తెచ్చి నాన్నకు చదివి వినిపించాను. సర్వే నంబరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి సందుగ తెరిచాడు. అడుగున ఇంకో కవర్ కనిపించింది. 2003లో తాను అమ్మిన రెండెకరాల రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్స్. అమ్మినవాడికి దాంతో ఏం పని అని అడగబోయాను. ఆయన రెండు కవర్లూ ఒకదాని మీద ఒకటి సర్దుతూ, ఆ రోజు దేవరకొండలో జిరాక్స్ వాడు నాలుగు పేజీలకు ఎనిమిది రూపాయలు గుంజిండని, పేజీకి రూపాయే ఉండె అప్పుడని, ఇప్పటికీ తిడుతున్నాడు.